ఉగాది నుంచి ఉగాదికి: చేత్తో చేసిన డెస్క్ క్యాలెండర్, ప్రాజెక్టు డైరీ

చైత్రం నుంచి ఫాల్గుణం దాకా తెలుగు నెలల వారీగా నడిచే డెస్క్ క్యాలెండర్ ఇది. పేజీలన్నీ స్క్రాప్‌బుక్ పద్ధతిలో చేశాను. పాత ఫొటోలు, శుభలేఖల ముక్కలు, కలంకారీ గుడ్డ పీలికలు, ఆకుల అచ్చులు వాడాను. స్క్రాప్‌బుక్ ఆల్బమ్ అయితే బీరువాలో పడి ఉంటుంది, దానికి వేరే పనేమీ లేదు. క్యాలెండర్ బల్ల మీద నిలబడాలి, పేజీ తిరగాలి, దాని మీద పెన్నుతో రాసుకోవాలి. ఈ మూడింటికీ అడ్డుపడేది పేజీ మందం. అందుకే కింద అలంకారం సంగతి తక్కువ, మిల్లీమీటర్ల సంగతి ఎక్కువ.

దగ్గర పెట్టుకోవాల్సినవి: స్టీలు స్కేలు, కట్టర్, కటింగ్ మ్యాట్, మందం కొలిచే వెర్నియర్ కాలిపర్, వంటింటి ఎలక్ట్రానిక్ తూకం, ఆఫీసుల్లో వాడే రెండు రంధ్రాల పంచ్, 6 మి.మీ. తోలు పంచ్, సుత్తి, ఇస్త్రీ పెట్టె. కాలిపర్ లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దని నా సలహా. ప్లాస్టిక్‌ది చౌకగా దొరుకుతుంది, దీనికి అది చాలు.

## దశ 1: ఎన్ని పేజీలు, ఎన్ని గళ్లు

పరాభవ నామ సంవత్సరం 2026 మార్చి 19 గురువారం మొదలవుతుంది. తర్వాతి ఉగాది 2027 ఏప్రిల్ 7న. మధ్యలో 384 రోజులు. ఈ ఏడు జ్యేష్ఠం రెండుసార్లు వస్తుంది. మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం, ఆ తర్వాత నిజ జ్యేష్ఠం. అంటే నెలలు 13, పైన ముఖచిత్రం పేజీతో కలిపి 14. పన్నెండు నెలలే కదా అని కాగితం కొంటే చివర్లో తక్కువ పడుతుంది. తర్వాత తెచ్చిన కాగితం వేరే లాటుదైతే తెలుపు రంగు కలవదు.

మన గోడ క్యాలెండర్లలో వారాల పేర్లు ఎడమ పక్కన పైనుంచి కిందికి ఉంటాయి, తేదీలు నిలువు వరసల్లో నడుస్తాయి. నేనూ అదే పద్ధతి పెట్టాను. 7 అడ్డ వరసలు, 5 నిలువు వరసలు, మొత్తం 35 గళ్లు. ఇంగ్లీషు నెలలకైతే ఇది చాలదు. 2026లో మే నెల శుక్రవారం, ఆగస్టు శనివారం మొదలవుతాయి. రెండింటికీ 31 రోజులు కాబట్టి ఆరో నిలువు వరస కావాలి, లేదంటే రెండు తేదీల్ని ఒకే గడిలో ఇరికించాలి. తెలుగు నెలకు 29 లేదా 30 రోజులే. పదమూడు నెలలనూ రఫ్ కాగితం మీద వేసి చూస్తే అన్నీ 35 గళ్లలో పట్టాయి. వైశాఖం అంచుల దాకా వచ్చింది. ఏప్రిల్ 18 శనివారం మొదలై మే 16 శనివారం ముగుస్తుంది, 6 ఖాళీ గళ్లు పోగా 29 తేదీలు, సరిగ్గా 35. శనివారం మొదలయ్యే నెలకు 30 రోజులు ఉంటే ఆరో వరస తప్పదు. అందుకని ఈ గళ్ల లెక్క ఈ ఒక్క సంవత్సరానికే. వచ్చే ఏడాదికి మళ్లీ వేసి చూసుకోవాల్సిందే.

తిథుల దగ్గర తగ్గాల్సి వచ్చింది. ఒక తిథి నిడివి సుమారు 19 గంటల నుంచి 26 గంటల దాకా మారుతుంటుంది కాబట్టి కొన్ని రోజులకు రెండేసి తిథులు రాయాలి. మొదటి గడిలోనే ఈ చిక్కు ఉంది. మార్చి 19న సూర్యోదయానికి ఇంకా అమావాస్యే. ఉదయం ఏడు కావస్తుండగా పాడ్యమి వచ్చి, మర్నాడు తెల్లవారేలోపే వెళ్లిపోతుంది. 20వ తేదీ గడిలో నేరుగా విదియ. ఇదంతా రాస్తే అక్షరం 5 పాయింట్లకు దిగింది. అది మా అమ్మకు కళ్లజోడుతో కూడా కనిపించలేదు. ఈ క్యాలెండర్ ఎక్కువగా చూసేది ఆవిడే. కాబట్టి ఏకాదశి, పౌర్ణమి, అమావాస్య, పండుగలు మాత్రమే ఉంచి మిగతావి తీసేశాను. పండుగ తేదీలను రెండు పంచాంగాల్లో చూశాను. రెండూ కలిసిన చోట ఎర్ర సిరాతో, కలవని చోట పెన్సిల్‌తో రాశాను.

ఏ5 పేజీని అడ్డంగా పెట్టి ఇలా పంచుకున్నాను:

1. పైన 20 మి.మీ. పట్టీ బైండింగ్‌కి. ఇక్కడ ఏదీ అంటించకూడదు.
2. నెల పేరుకు 18 మి.మీ.
3. కుడివైపు గళ్లు: వారం పేరుకు 14 మి.మీ., ఒక్కో గడి 17 × 14 మి.మీ., మొత్తం 99 × 98 మి.మీ.
4. ఎడమవైపు మిగిలిన చోటు స్క్రాప్‌బుక్ పనికి.
5. కుడి అంచున 6, గళ్లకూ బొమ్మకూ మధ్య 6, అడుగున 12 మి.మీ. ఖాళీ.

గళ్లను 100 జీఎస్ఎమ్ (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) కాగితం మీద లేజర్ ప్రింట్ తీయించాను. ఏ4కి రెండేసి చొప్పున 7 షీట్లు, 35 రూపాయలు. ఇంక్‌జెట్ వద్దు. ఇంట్లో తీసిన నమూనా మీద తడి వేలు తగిలితే అంకెలు చెదిరాయి.

ఇప్పటిదాకా: ఖర్చు ₹35.

## దశ 2: కాగితం, అట్ట

పేజీలకు 300 జీఎస్ఎమ్ కార్డ్ షీట్లు, ఏ4 సైజువి పది (₹150). ఏడు సరిపోతాయి, మూడు పరీక్షలకు. స్టాండ్‌కు 2 మి.మీ. గ్రే బోర్డు (₹60), పైన అంటించడానికి బైండింగ్ వాళ్లు వాడే కాలికో గుడ్డ (₹70).

కాగితం కొనేటప్పుడు గ్రెయిన్, అంటే కాగితంలో పీచు సాగే దిక్కు, చూసుకోవాలి. షీటును ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా మెల్లగా వంచి చూస్తే ఒక దిక్కున సులువుగా వంగుతుంది, రెండో దిక్కున మొరాయిస్తుంది. ఏ4 షీటు ఎక్కువగా పొడవు దిక్కున గ్రెయిన్‌తో వస్తుంది. దాన్ని సగానికి కోసి అడ్డంగా పెడితే గ్రెయిన్ పైనుంచి కిందికి వస్తుంది, పేజీ నిటారుగా వేలాడుతుంది. వ్యతిరేక గ్రెయిన్‌తో వచ్చిన ఒక షీటును కోసి పైఅంచు పట్టుకుంటే కింది భాగం ముందుకు వాలిపోయింది. దాన్ని పక్కన పెట్టి పరీక్షలకు వాడాను.

పద్నాలుగు ఖాళీ పేజీలను దొంతర పెట్టి నొక్కి కొలిస్తే 5.6 మి.మీ. బరువు 131 గ్రాములు.

ఇప్పటిదాకా: ఖర్చు ₹315. మందం 5.6 మి.మీ. బరువు 131 గ్రా.

## దశ 3: చైత్రం, వైశాఖం, ఆషాఢం – అన్నీ మందమే

స్క్రాప్‌బుక్ వీడియోల్లో చూపించేట్టే ఈ మూడు పేజీలూ మొదలుపెట్టాను. ఫొటో కింద ఫోమ్ టేప్, ఫొటో చుట్టూ రెండు పొరల కాగితం, మూలల్లో గుండీలు, జూట్ తాడు. చూడ్డానికి బాగున్నాయి. కాలిపర్ పెడితే చైత్రం 3.4, వైశాఖం 2.9, ఆషాఢం 2.6 మి.మీ. సగటున మూడు దగ్గర. ఈ లెక్కన పదమూడు పేజీలు అయ్యేసరికి దొంతర 38 మి.మీ. దాటుతుంది.

ఇంకో ఇబ్బంది. పై పట్టీలో ఏమీ లేదు కాబట్టి అక్కడ పేజీ 0.4 మి.మీ. మాత్రమే. మందమంతా మధ్యలో ఉంది. మూడు పేజీల్ని క్లిప్పుతో బిగించగానే కింది భాగం విచ్చుకుని దొంతర ఏటవాలుగా తయారైంది. వెనక పేజీలోని గుండీ ముందు పేజీ గళ్ల మీద గుండ్రంగా ఒత్తుకుని కనిపించింది. ఆ గడిలో బాల్‌పెన్‌తో రాస్తే కాగితం చిరిగింది.

ఆల్బమ్‌లలో దీనికి మామూలు విరుగుడు బైండింగ్ వైపు అట్ట పట్టీలు వేయడం. ఒక్కో పేజీకి 2 మి.మీ. పట్టీ వేసి చూశాను. దొంతర సమంగా వచ్చింది గానీ బరువు పెరిగింది, మొత్తం మందం అలాగే ఉంది. క్యాలెండర్‌కు ఇది దారి కాదనిపించి పట్టీలు పీకేసి, మందానికే హద్దు పెట్టాను. ఏ పేజీలోనూ ఎత్తయిన చోటు 1 మి.మీ. దాటకూడదు.

ఆ హద్దులో ఉండడానికి మార్చినవి:

1. ఫోమ్ టేప్ (₹90) పూర్తిగా మానేశాను. ఆ టేప్ ఒక్కటే 2 మి.మీ.
2. ఫొటో చుట్టూ ఒకటే పొర. లెక్క ఇలా: కార్డ్ షీటు 0.4, పొర 0.15, ఫొటో 0.23, టేప్ 0.1. మొత్తం 0.88 మి.మీ.
3. అంతకంటే పల్చగా కావాల్సిన చోట కార్డ్ షీటులో 60 × 80 మి.మీ. కిటికీ కోసి, ఫొటోను ఆ కిటికీలో కూర్చోబెట్టి, వెనక నుంచి పల్చటి కాగితం అంటించాను. ఫొటో పేజీ మట్టానికే ఉంటుంది.
4. ఎడమ చోటును పై, మధ్య, కింది భాగాలుగా అనుకుని, ఎత్తయిన వస్తువును ఒక్కో నెలలో ఒక్కో భాగంలో పెట్టాను. అన్నీ ఒకే చోట పేరుకోవు.
5. నీడ కావాలనిపిస్తే ముదురు గోధుమ రంగు ఇంక్ ప్యాడ్‌ను ఫొటో అంచుకు రుద్దాను. ఎత్తు లేకుండానే లోతు కనిపిస్తుంది.

గళ్లను ఒక నెల కుడికి, ఒక నెల ఎడమకు మారిస్తే మందం ఇంకా బాగా పంచుకుపోతుంది. కానీ తేదీ చూసే కన్ను రోజూ ఒకే చోటికి వెళ్తుంది. గళ్లను కదపకూడదని గట్టిగా నిర్ణయించుకున్నాను.

ఫొటోలు ఆల్బమ్‌లోంచి పీకినవి కావు. స్కాన్ చేసి ల్యాబ్‌లో మ్యాట్ కాగితం మీద ప్రింట్ తీయించినవి (15 ప్రింట్లు, ₹150). గ్లాసీ కాగితమైతే వేలిముద్రలు పడతాయి, పేజీలు ఒత్తిడికి ఒకదానికొకటి అంటుకుంటాయి. వైశాఖం పేజీకి మా అమ్మమ్మ చేతిరాతతో ఉన్న ఆవకాయ కొలతల చీటీ వాడాను, అదీ జిరాక్సే. అసలు చీటీ పాత నోటుబుక్కు కాగితం. అలాంటివి రానురాను పసుపెక్కి పెళుసుబారతాయి, జిగురు పడితే ఇంకా పాడవుతాయి.

రెండు వైపుల టేపు ₹110, తెల్ల జిగురు ₹50.

ఇప్పటిదాకా: ఖర్చు ₹715. ఇందులో వృథా ₹90.

## దశ 4: నెల పేర్లు, అక్షరాలు కోయడం

స్క్రాప్‌బుక్ దుకాణాల్లో దొరికే అక్షరాల స్టిక్కర్లు, స్టెన్సిళ్లు అన్నీ ఇంగ్లీషువే కనిపించాయి. తెలుగు పేర్లు మనమే కోసుకోవాలి. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే రామభద్ర, సురన్న రెండింటినీ ప్రయత్నించాను. సురన్న చదవడానికి హాయిగా ఉంటుంది గానీ గీతలు సన్నం, కట్టర్ కింద తెగిపోతాయి. రామభద్ర గీత లావు కాబట్టి కోతకు నిలబడింది. ఎత్తు 14 మి.మీ. కంటే తగ్గిస్తే అదీ కష్టమే.

అసలు చిక్కు వేరే ఉంది. ఇంగ్లీషు అక్షరం కోస్తే దాదాపు ఎప్పుడూ ఒకే ముక్క. మన అక్షరాల్లో ప, ష, స, హలకు తలకట్టు విడిగా నిలుస్తుంది, ఒత్తులు కింద విడిగా వేలాడతాయి. ‘జ్యేష్ఠం’ కోస్తే చేతిలోకి చిన్నచిన్న ముక్కలు వచ్చాయి. వాటిని ఒక్కొక్కటిగా పట్టకారుతో సరిచేసి అంటిస్తే ‘ష్ఠ’ కింద ఒత్తు ఒక మిల్లీమీటరు పక్కకు జరిగి చదవడానికే అడ్డమైంది.

చివరికి కుదిరిన పద్ధతి:

1. పేరు చుట్టూ 3 మి.మీ. వెడల్పు అంచు గీత ఇచ్చి ప్రింట్ తీయాలి. తలకట్టు, ఒత్తు అన్నీ ఆ అంచులో కలిసిపోయి ఒకే ముక్క అవుతుంది.
2. ఆ బయటి అంచు వెంబడి మాత్రమే కోయాలి. లోపలి సున్నాలు, కన్నాలు కోయక్కర్లేదు.
3. బయటి అంచు లేత రంగు, అక్షరం ముదురు రంగు. దూరం నుంచి కూడా చదవొచ్చు.
4. వెనక గ్లూ స్టిక్ రాసి, మొదట మధ్య అక్షరాన్ని ఆనించి, అక్కణ్నుంచి రెండు పక్కలకూ నొక్కుకుంటూ పోవాలి.

వంపుల దగ్గర కట్టర్ తిప్పొద్దు, కాగితాన్ని తిప్పండి. తెలుగులో తిన్నని గీతే తక్కువ కాబట్టి ఈ అలవాటు చేతికి రావడానికి ‘శ్రావణం’ ఒక్కటి చాలు.

## దశ 5: ఏవి నిలబడ్డాయి, ఏవి పోయాయి

పసుపు. చైత్రం పేజీ అంచుకు పసుపు నీళ్లు పూయాలనుకున్నాను. ముందు ఒక ముక్కకు పూసి, సగం అల్యూమినియం ఫాయిల్‌తో కప్పి, ఎండ పడే కిటికీలో పెట్టాను. పదిహేను రోజులకు కప్పిన సగం నిండు పసుపు, కప్పని సగం వెలిసిన గంధం రంగు. పాత శుభలేఖలు చూసినా ఇది తెలుస్తుంది. మూలలకు రాసిన పసుపు బయటివైపు పోయి, మడత లోపల మాత్రం అలాగే ఉంటుంది. పసుపులోని రంగు వెలుగుకు ఆగదు. బల్ల మీద ఏడాదంతా వెలుతురులో ఉండే వస్తువుకు ఇది పనికిరాదు. బదులుగా పసుపు ఆక్రిలిక్ రంగును నీళ్లలో పల్చన చేసి స్పాంజితో అద్దాను.

వేపపువ్వు. పుస్తకంలో నొక్కి ఎండబెడితే గోధుమ రంగుకు తిరిగి, ముట్టుకుంటే రాలిపోయింది. సెల్లోటేపు కింద బంధిస్తే లోపల చెమ్మ నిలిచి మచ్చలు వచ్చాయి. పువ్వు వదిలేసి, వేప ఈనెను ఆకుపచ్చ దారంతో కుట్టాను. సూదితో ముందే కన్నాలు పొడిచి, రెండు పోగులతో కాడకుట్టు. మందం 0.7 మి.మీ.

గునుగు పువ్వు. ఆశ్వయుజం పేజీకి. పోయిన బతుకమ్మలప్పుడు దాచినవి. కంకి ఎండినా రంగు బాగానే నిలిచింది, కానీ 8 మి.మీ. లావు. అందుకని కంకిని విప్పి, విడి రేకుల్ని మాత్రం వలయాలుగా అంటించాను. పల్చటి పొట్టులాంటి రేకులు కాబట్టి హద్దులోనే ఉన్నాయి. తంగేడు మాత్రం ఎండగానే రాలింది.

శుభలేఖలు. శ్రావణం పేజీకి ఇంతకంటే మంచి సరుకు లేదు. అట్ట గట్టిది, అచ్చు బాగుంటుంది, ప్రతి ఇంట్లోనూ ఒక కట్ట ఉంటుంది. పేర్లున్న భాగం వదిలేసి కలశం, అరటిచెట్లు, అంచు డిజైన్లు మాత్రం కోశాను. బంగారు ఫాయిల్ ఉన్న ముఖానికి తెల్ల జిగురు పట్టదు, ఆరాక పొరలా లేచి వస్తుంది. దానికి రెండు వైపుల టేపే. లావు కార్డులను ఒక మూల గోటితో విడదీస్తే రెండు పొరలుగా ఊడతాయి, అచ్చున్న పై పొర ఒక్కటే వాడితే మందం సగం తగ్గుతుంది. అధిక జ్యేష్ఠం పేజీలో మాత్రం శుభలేఖ ముక్క ఒక్కటీ పెట్టలేదు. అధిక మాసంలో ముహూర్తాలే ఉండవు కదా, ఆ పేజీని ఫొటో, నెల పేరు, చుట్టూ ఒక గీతతో వదిలేశాను. నాకు అన్నిటికంటే నచ్చింది అదే.

కలంకారీ గుడ్డ. పెడన అద్దకం రవికె గుడ్డ పీలికలు. నేరుగా జిగురు రాస్తే గుడ్డ పైకి ఊరి మెరిసే మచ్చ పడింది, అంచు నూలు విడిపోయింది. మ్యాచింగ్ సెంటర్లలో దొరికే పేస్టింగ్ బక్రం (ఇస్త్రీ వేడికి అంటుకునే గట్టి గుడ్డ) పల్చనిది తీసుకుని, గుడ్డ వెనక పెట్టి ఇస్త్రీ చేసి, చల్లారాక కోస్తే రెండు సమస్యలూ పోయాయి. గుడ్డ, బక్రం కలిపి 0.45 మి.మీ.

ఆకుల అచ్చులు. భాద్రపదానికి వినాయక చవితి పత్రి. ఎండిన ఆకు పెళుసు, అచ్చుకు మందమే లేదు. ఈనెలు ఉబ్బెత్తుగా ఉండే వెనకవైపు స్టాంప్ ప్యాడ్ అద్ది, ఆకును పేజీ మీద బోర్లించి, పైన టిష్యూ వేసి బొటనవేలితో కాడ నుంచి కొన దాకా నొక్కాలి. రావి, మామిడి, మారేడు చక్కగా పడ్డాయి. రావి ఆకు తోక కొస దాకా వచ్చింది. జిల్లేడు మీద సిరా నిలవలేదు. జమ్మి ఆకులు మరీ చిన్నవి, చుక్కల్లా కనిపించాయి. ఆకును కోసి తెచ్చిన వెంటనే కాకుండా గంటసేపు పుస్తకంలో నొక్కి ఉంచితే పరుపుగా ఆనుతుంది.

## దశ 6: జిగురు, వంకర

గళ్ల కాగితానికి తెల్ల జిగురు రాసి పేజీ మీద పరిస్తే ఆరేసరికి నడుమ అలలు తేలాయి. నీళ్లు తగిలిన కాగితం గ్రెయిన్‌కు అడ్డంగా సాగుతుంది, ఆరేటప్పుడు కుంచించుకుంటూ కింది కార్డును కూడా లాగుతుంది. నీళ్లు కలిపి పల్చన చేస్తే ఇంకా ఎక్కువైంది. ఇప్పుడు నాలుగు అంచులకూ రెండు వైపుల టేపు, మధ్యలో గ్లూ స్టిక్. అలలు లేవు.

మైదా జిగురు చౌక, బైండింగ్‌కు పాతకాలం నుంచీ వాడేదే. కానీ దానికి పురుగు పడుతుంది. పట్టకుండా మైలుతుత్తం కలుపుతారు, అది విషం. చిన్నపిల్లలున్న ఇంట్లో బల్ల మీద పెట్టే వస్తువుకు నేను అది కలపను. మైదా జోలికి వెళ్లలేదు.

స్టాండ్ అట్ట సంగతి వేరు. గ్రే బోర్డుకు ఒక వైపు కాలికో అంటించి ఒక రాత్రి ఉంచితే 220 మి.మీ. పొడవులో నడిమి భాగం 6 మి.మీ. లేచింది. మా వీధి చివర బైండింగ్ చేసే పెద్దాయనకు చూపిస్తే, “లోపలి దిక్కు గూడ కాయితం అంటియ్యండమ్మా, రెండు దిక్కుల గుంజితెనే అట్ట సక్కగుంటది” అన్నారు. అలాగే లోపలివైపు 120 జీఎస్ఎమ్ కాగితం అంటించి, నిఘంటువుల కింద పెట్టాను. వంపు 1 మి.మీ.కు దిగింది.

పూర్తయిన పద్నాలుగు పేజీలు: మందం 10.5 మి.మీ. బరువు 210 గ్రా. ఖర్చు మారలేదు, ₹715.

## దశ 7: బైండింగ్

మొదట వైరో (నోటుబుక్కుల అంచున ఉండే జంట తీగ చుట్టల బైండింగ్) వేయిద్దామనుకుని, మిగిలిన కార్డులతో ఒక నమూనా చేయించాను (₹60). అంగుళానికి మూడు రంధ్రాల వైరోలో పెద్ద సైజు 14.3 మి.మీ. దొంతర 10.5 కదా, పడుతుందనిపిస్తుంది. కానీ పేజీలు ముందు నుంచి వెనక్కి తిరిగేటప్పుడు స్టాండ్ కొనను కూడా చుట్టి రావాలి, ఆ చోటు మిగల్లేదు. సగం దారిలో పేజీలు ఇరుక్కున్నాయి. పైగా వైరో ఒకసారి నొక్కితే అంతే, ఏదైనా ఊడితే పేజీ బయటకు తీసి సరిచేయడం కుదరదు.

దాని బదులు తెరిచి మూసే స్టీలు రింగులు మూడు, 32 మి.మీ.వి (₹45). రంధ్రాలకు కొత్త పంచ్ అక్కర్లేదు. మామూలు ఆఫీసు పంచ్ రెండు రంధ్రాల మధ్య 80 మి.మీ., అంచు నుంచి 12 మి.మీ. దూరంలో, 6 మి.మీ. రంధ్రం వేస్తుంది. మన పేజీ వెడల్పు 210. కాబట్టి:

1. పేజీ పైఅంచున సరిగ్గా నడుమ, 105 మి.మీ. దగ్గర పెన్సిల్ గుర్తు.
2. పంచ్ కుడి రంధ్రం 105 దగ్గర పడేట్టు ఒకసారి. రంధ్రాలు 25, 105 దగ్గర వస్తాయి.
3. ఇప్పుడు ఎడమ రంధ్రం 105లో కుదిరేట్టు ఇంకోసారి. 185 దగ్గర మూడోది వస్తుంది.
4. ఒక్కసారి రెండు పేజీలకు మించి పెట్టొద్దు, అంచు నలుగుతుంది.
5. ప్రతి రంధ్రం వెనకా రింగు స్టిక్కర్ లేదా గుండ్రంగా కోసిన కాలికో ముక్క.

రెండు రింగులతో కూడా చేసి చూశాను. పేజీ చివరలు ఊగుతున్నాయి. మూడు ఉండాలి.

ఇప్పటిదాకా: ఖర్చు ₹820. ఇందులో వృథా ₹150.

## దశ 8: స్టాండ్, పడిపోవడం, తాండూరు బండ

త్రికోణం స్టాండ్. ముందు, వెనక పలకలు 220 × 165 మి.మీ., అడుగు పలక మొదట 220 × 60. పలకల మధ్య మడతకు 2 మి.మీ. చోటు వదిలితే కాలికో బిగుసుకుని మడత పూర్తిగా పడలేదు. 5 మి.మీ. వదిలాక తేలిగ్గా మడిగింది. పంచ్ 2 మి.మీ. అట్టలో దిగదు. తోలు పంచ్, సుత్తితో కింద చెక్క పెట్టి కొట్టాలి.

స్టాండ్ నిలబడింది. పేజీ తిప్పబోతే ముందుకు పడింది. పేజీలన్నీ ముందువైపే ఉండే మొదటి నెలల్లో ఇది రోజూ జరిగే పని అవుతుంది, కాబట్టి ఎంత లాగుడుకు పడుతోందో కొలవాలనుకున్నాను. స్టాండ్ పైఅంచుకు దారం కట్టి, ఎదురుగా అంతే ఎత్తుకు పుస్తకాలు పేర్చి, దారాన్ని వాటి మీదుగా నున్నటి పెన్ను మీద నుంచి కిందికి వేలాడదీశాను. చివర చిన్న కవరు. అందులోకి చెంచాతో బియ్యం పోసుకుంటూ పోయి, స్టాండ్ ఒరిగిన క్షణాన ఆపి, కవరును తూకం వేశాను.

- అడుగు 60 మి.మీ.: 35 గ్రాములకే పడింది.
- అడుగు 90 మి.మీ.: 60 గ్రాములు.
- అడుగు 90 మి.మీ., లోపల బరువు: 130 గ్రాములు.

రింగుల్లో పేజీ తిప్పే చెయ్యి ఎంత మెల్లగా లాగినా 60 దాటుతోంది. అడుగు ఇంకా వెడల్పు చేస్తే స్టాండ్ మరీ వాలుగా అయి బల్ల మీద చోటు తింటుంది. అందుకే బరువు. మొదట రూపాయి నాణేలు వరసగా అంటించి చూశాను, బరువు చాల్లేదు. ఇంట్లో గచ్చు మరమ్మతులో మిగిలిన తాండూరు బండ ముక్క కంటపడింది గానీ అది మరీ మందం, అడుగు పలక మడతే పడలేదు. 8 మి.మీ. ఫ్లోర్ టైల్ ముక్కను మేస్త్రీతో 200 × 70 మి.మీ.కు కోయించాను, డబ్బులు తీసుకోలేదు. తూకం 250 గ్రాములు. అంచుల్ని గరుకు కాగితంతో రుద్ది, కాలికో చుట్టి, అడుగు పలక లోపలివైపు అంటించాను. స్టాండ్ టైల్‌తో కలిపి 390 గ్రాములు, పేజీలతో 600. అడుగున నాలుగు మూలలా రబ్బరు బొడిపెలు పెట్టాక బల్ల మీద జారడం కూడా ఆగింది. అవి పాత మిక్సీవి.

చివరి లెక్క: ఖర్చు ₹820, వృథా తీసేస్తే ₹670. దొంతర 10.5 మి.మీ. మొత్తం బరువు 600 గ్రా.

## చేయబోయేవాళ్లకు వరస

నేను చేసిన వరస కంటే ఇది మేలు:

1. పంచాంగం చూసి నెలలు, ప్రతి నెల మొదటి వారం, రోజుల సంఖ్య రాసుకోండి. ఎన్ని నిలువు వరసలు కావాలో తేల్చండి.
2. కాగితం గ్రెయిన్ చూసి కోసి, అలంకారం మొదలుపెట్టకముందే రంధ్రాలు వేయండి. తర్వాత వేస్తే పంచ్ కింద బొమ్మలు నలుగుతాయి.
3. స్టాండ్ చేసి, ఖాళీ పేజీలు తగిలించి, తిప్పి చూడండి.
4. గళ్లు, నెల పేర్లు అంటించండి.
5. ఎడమవైపు పని ఒక్కో పేజీ పూర్తవగానే కాలిపర్ పెట్టండి. 1 మి.మీ. దాటితే అప్పుడే ఏదో ఒకటి తీసేయండి.
6. పదమూడూ అయ్యాక దొంతరను పుస్తకాల కింద రెండు రాత్రులు ఉంచి రింగులు బిగించండి.

పేజీల వెనకవైపు తెల్లగా వదిలాను. తిప్పేశాక అది స్టాండ్ వెనక ఉంటుంది, పాల లెక్క, గ్యాస్ బుక్ చేసిన తేదీ రాసుకోవడానికి. కిటికీ కోసిన పేజీల్లో అక్కడ అతుకు ఉంటుంది కాబట్టి రాతకు పై సగం మాత్రమే పనికొస్తుంది.

ఇంకా తేలనిది ఒక్కటే, వానాకాలం చెమ్మ. కుట్టు, గుడ్డ ఉన్న పేజీలు, కాగితం మాత్రమే ఉన్న పేజీలు ఒకేలా వంగవు. శ్రావణం, భాద్రపదం పేజీలను ఉగాది రోజున, మళ్లీ సెప్టెంబరులో స్కేలు మీద పెట్టి అంచు ఎంత లేచిందో కొలుస్తాను. ఆ అంకెలు ఇక్కడే, దశ 9 కింద చేరుస్తాను. 2027 ఏప్రిల్ 7న మొదలయ్యే ప్లవంగకు 12 నెలలే, ఇదే స్టాండ్, ఇవే రింగులు, పేజీలు మాత్రం కొత్తవి.